పది బారలకో ఎర్రగుడ్డ

లింబాగాన్‌లో మగవాడి విలువ బారల్లో ఉంటుంది. ఎన్ని పందులున్నాయి, ఎంతమంది పిల్లలున్నారు అని అక్కడ ఎవరూ అడగరు. వల ఎన్ని బారల లోతున వేశావని అడుగుతారు. నలభై అన్నవాడు కల్లుపాక బయట నిలబడి తాగుతాడు. తొంభై అన్నవాడికి లోపల బల్ల మీద చోటిస్తారు. రెండు వందలన్నవాడు ఊరు మొత్తానికి ఒక్కడే, పంతలియోన్. అతను ఎక్కడ కూర్చుంటే అదే బల్ల.

తియోపిస్తోది నూట యాభై. పన్నెండేళ్లుగా రెండో స్థానం. రెండో స్థానంలో ఉన్న సుఖం ఒక్కటే, మొదటివాడి కల్లుకుండ ఎప్పుడు ఖాళీ అవుతుందో దగ్గర్నుంచి చూడవచ్చు.

ఊరి పని గవ్వలు పట్టడం. చిరిగిన పాతవలలన్నీ పోగేసి, చిక్కు మీద చిక్కు కట్టి, కింద రాయి వేలాడదీసి, బొహోల్ దీవి అంచు మెట్లు మెట్లుగా సముద్రంలోకి దిగిపోయే చోట అడుగుకి దించుతారు. నెల రోజులు అలా వదిలేస్తారు. చీకట్లో పాకే గవ్వలు ఆ చిక్కువలని ఇల్లనుకుని ఎక్కుతాయి. నెల తర్వాత ఇంజను మరకి తాడు తగిలించి పైకి లాగుతారు. తాడు విసరడం, లాగడం మగవాళ్ల పని. తాడు కొలవడం ఆడవాళ్ల పని. చేతులు చాపి పది బారలు కొలిచి ఒక ముడి వేస్తారు, ముడికో ఎర్రగుడ్డ కడతారు. మగవాడు సముద్రం మీద ఎర్రగుడ్డలు లెక్కపెట్టుకుంటాడు. పదిహేను గుడ్డలు మునిగి రాయి అడుగు తాకితే నూట యాభై. ఇంతకన్నా లెక్కలు ఆ ఊళ్లో ఎవరికీ అక్కర్లేదు.

సెబూ నుంచి వచ్చే వ్యాపారి ప్రతి గవ్వతోనూ ఒక చీటీ పెట్టి, పట్టినవాడు చెప్పిన లోతు రాసుకుంటాడు. ఆ చీటీ దేశాలు దాటి పోతుంది. ఎవరూ తిరిగి వచ్చి ఇదేమిటని అడగరు. అందుకే ఊరు ఏడాదికి కాస్త చొప్పున లోతుకి దిగుతూ ఉంటుంది.

అసలు గొడవ పండుగ దగ్గర. ఆగస్టులో ఊరి పునీతుడు సాన్ రోకే విగ్రహాన్ని పడవ ఎక్కించి సముద్రం మీద ఊరేగిస్తారు. ఊళ్లో అందరికన్నా లోతు చూసిన ఇంటివాడి పడవ ముందు నడవాలి, సాన్ రోకే అందులోనే ఎక్కాలి. పన్నెండేళ్ల కిందట పంతలియోన్ రెండు వందల బారల నుంచి తెల్లపళ్ల గవ్వ ఒకటి లాగాడు. దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి చర్చిలో సాన్ రోకే కాళ్ల దగ్గర ఉంచారు. అప్పటి నుంచి పడవ అతనిదే. సాన్ రోకే పక్కన నోట్లో రొట్టె పట్టుకుని ఒక కుక్క బొమ్మ ఉంటుంది. పన్నెండేళ్లుగా ఆ కుక్క ఆ గవ్వనే చూస్తోంది, రొట్టె వదలకుండా. ఊళ్లో అనుమానం ఉన్నది దానికొక్కదానికేనని తియోపిస్తో అనుకునేవాడు.

పడవ పోతే పోయింది. తియోపిస్తోకి కావలసింది గంట. పండుగ ఆఖర్న చర్చిలో చచ్చిపోయినవాళ్ల కోసం గంట కొడతారు. పడవ నడిపిన ఇంటి వాళ్లకి, ఒక్కొక్కరి పేరు చదివి, తొమ్మిదేసి గంటలు. మిగతా ఊరు మొత్తానికి కలిపి మూడు. పంతలియోన్ తండ్రి కల్లుచెట్టు మీద నుంచి పడి పోయాడు, ఆయనకి తొమ్మిది. పంతలియోన్ అత్త పక్కింటివాళ్లతో పోట్లాడుతూ గుండె ఆగి పోయింది, ఆమెకీ తొమ్మిది. తియోపిస్తో భార్య బసిలిసాకి ఆ మూడింట్లో వాటా. ముప్పై ఏళ్లు కాపురం చేసి, రెండు పూటలా అన్నం వండి, నోరెత్తకుండా పోయిన మనిషికి, తాగుబోతులతో పాటు మూడు గంటల్లో వాటా.

భార్య పోయిన ఇంట్లో ఉప్పు డబ్బా వెతుక్కోవడానికి మొదటి ఏడాది సరిపోతుంది. రెండో ఏడాది ఉప్పు లేకుండా తినడం అలవాటవుతుంది. మూడో ఏడాది అందరి మీదా కోపం వస్తుంది. తియోపిస్తోకి ఇది మూడో ఏడాది.

మార్చిలో మనీలా నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పేరు కరిదాద్ ఆబెయా. రోగాలు చూసే డాక్టరు కాదు, గవ్వలు చూసే డాక్టరు. ముప్పై ఏళ్లుంటాయి. కల్లుపాకలోకి నేరుగా వచ్చి, మగవాళ్ల బల్ల మీద కూర్చుంది.

"మీ ఊరి గవ్వలు రెండేళ్లుగా నా ప్రాణం తీస్తున్నాయి," అంది.

"గవ్వలు కరవవు, ఇందాయ్," అన్నాడు పంతలియోన్. చిన్నదాన్ని ముద్దుగా పిలిచినట్టే ఉంది, కసిరినట్టూ ఉంది.

"కరవవు మానోయ్," అంది, అన్నయ్యని పిలిచినట్టు. "అబద్ధాలు కూడా ఆడవు. అదే వచ్చిన చిక్కు. చీటీల మీద నూట యాభై, రెండు వందలు అని ఉంటుంది. గవ్వలేమో మేం వెచ్చటి నీళ్లలో పెరిగామంటున్నాయి. నా యంత్రం పాడైందనుకుని రెండుసార్లు విప్పించాను. మా పెద్దాయన యంత్రం జోలికి పోకు, నీ బుర్ర బాగుచేయించుకో అన్నాడు."

"గవ్వ నీతో మాట్లాడిందా?" అన్నాడు ఒకడు. పాక నవ్వింది.

ఆమె కూడా నవ్వింది. నవ్వేసి, ముందున్న ఉప్పుచేప పళ్లెం జరిపి, వేలితో బల్ల మీద గీతలు గీసింది. "గవ్వ పెంకు అంటే సున్నం. లోపలి పురుగు చుట్టూ ఉన్న నీళ్లలోంచే ఆ సున్నం తయారుచేసుకుని పొర మీద పొర వేసుకుంటుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉంటుంది కదా, అందులో తేలికది ఉంది, కాస్త బరువైనదీ ఉంది. నీళ్లు ఎంత చల్లగా ఉంటే పెంకులోకి బరువైనది అంత ఎక్కువ ఎక్కుతుంది. కిందికి పోయేకొద్దీ నీళ్లు చల్లనే కదా. కాబట్టి పెంకు పొడి చిటికెడు చాలు, ఏ లోతున బతికిందో చెప్పేయొచ్చు. పురుగు చచ్చినా, పెంకు వందేళ్లు పెట్టెలో ఉన్నా, ఆ లెక్క చెరిగిపోదు."

పాకలో ఎవరికీ సగం కూడా ఎక్కలేదు. తియోపిస్తోకి మొత్తం ఎక్కింది. పగ ఉన్నవాడికి ఏ శాస్త్రమైనా తొందరగా ఎక్కుతుంది.

పంతలియోన్ రెండు వందల సంగతి అతనికి ఎప్పుడో తెలుసు. పంతలియోన్ వల వేసే చోట ప్రవాహం ఎక్కువ. తాడు నిలువుగా దిగదు, ఏటవాలుగా పోతుంది. ఇరవై ఎర్రగుడ్డలు మునుగుతాయి, నిజమే. కొబ్బరిచెట్టుకి ఏటవాలుగా వేసిన నిచ్చెన పొడుగంతా చెట్టు ఎత్తే అయితే, ఊళ్లో ప్రతివాడూ ఆకాశం మీద కూర్చుని కాయలు కోస్తాడు. ఈ మాట పన్నెండేళ్లుగా చెబుతున్నాడు. రెండో స్థానంవాడు మొదటివాడి గురించి ఏం చెప్పినా ఏడుపే అంటారు.

"ఇందాయ్," అన్నాడు తియోపిస్తో. "చర్చిలో ఒక గవ్వ ఉంది. రెండు వందలది. నా దగ్గర ఒకటి ఉంది. నూట యాభైది. రెండూ చూడు. పండుగలోపు చెప్పు. నువ్వేది లోతంటే సాన్ రోకే ఆ ఇంటి పడవ ఎక్కుతాడు."

అందరూ పంతలియోన్ వంక చూశారు. పంతలియోన్ కల్లు గుటకేసి, మూతి తుడుచుకుని, పెద్దగా నవ్వాడు. అతను నిజంగానే నవ్వాడని తర్వాత అందరూ ఒప్పుకున్నారు. అతను అబద్ధాలకోరు కాడు. తన రెండు వందలని దేవుణ్ణి నమ్మినంతగా నమ్మాడు. ఊళ్లో ఉన్న కోతలరాయుళ్లందరిలో అలాంటివాడే ప్రమాదం.

"చూడనీ నేస్తం. పాపం, నీ కడుపుమంటకి మందు కావాలిగా."

చర్చి తాళంచెవి ఫెలీసా దగ్గర ఉంటుంది. ఫెలీసా బసిలిసాకి అక్క. చర్చి పెత్తనమంతా ఆమెదే. ఊరంతా ఆమెను అక్కా అన్నట్టు మానాంగ్ అంటుంది, తియోపిస్తో కూడా. ఆమె భర్త సెవెరో ఇరవై ఒక్కేళ్ల కిందట సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాలేదు. పడవ కూడా రాలేదు. అప్పటి నుంచి ఆమె నోటికి మూత లేదు.

"సాన్ రోకే ఒంటి మీద పుండ్లుంటే ఈ కుక్కే నాకి మాన్పిందంటారు," అంది అద్దాల పెట్టె తెరుస్తూ. "మీ ఇద్దరి గొప్పలూ నాకడానికి ఎన్ని కుక్కలు కావాలో."

డాక్టరమ్మ దగ్గర పళ్ల డాక్టరు మర లాంటిదొకటి ఉంది. వెంట్రుకంత సూది. పంతలియోన్ గవ్వ బోర్లా తిప్పి, అంచున వరుసగా చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క నుంచి తెల్లటి పొడి ఒక్కో చిన్న సీసాలోకి దులిపింది. తర్వాత తియోపిస్తో గవ్వ. అతను దాన్ని బిస్కట్ల డబ్బాలో, బసిలిసా పాత జాకెట్టు ముక్కలో చుట్టి తెచ్చాడు. సూది తగులుతుంటే తన పన్ను తొలిచినట్టు దవడ బిగించాడు.

పని అయిపోయాక ఫెలీసా తన కుట్టుపని సంచిలో చెయ్యి పెట్టి ఇంకో గవ్వ తీసింది. వెలిసిపోయింది, పెదవి విరిగింది. చిరుగులు కుట్టేటప్పుడు గుడ్డ కింద ఆనించుకోవడానికి వాడుతుంది. "ఇది కూడా చూడమ్మాయ్. పేరు రాయొద్దు."

"అది దేనికి మానాంగ్?" అన్నాడు పంతలియోన్. "గుండీలు కుట్టుకునే గవ్వ."

"సీసాలు మిగిలాయిగా," అంది ఫెలీసా.

తియోపిస్తో దాన్ని పట్టించుకోలేదు. అప్పటికే అతను మనసులో తొమ్మిది గంటలు కొట్టిస్తున్నాడు.

అయిదు నెలలు ఊళ్లో అందరూ శాస్త్రం మాట్లాడారు. బరువైన ఆక్సిజన్ అంటే ఏమిటో కల్లు దించేవాడు కూడా చెప్పగలిగాడు. ఒకడు తన గవ్వలని రాత్రంతా ఐసుగడ్డల మధ్య పెట్టి చల్లబరిచాడు, చల్లదనం ఎక్కుతుందని. తియోపిస్తో కల్లుపాకకి వెళ్లడం తగ్గించాడు. గెలవబోయేవాడు మాట్లాడకూడదని అతని నమ్మకం. పడవకి కొత్తగా నీలిరంగు వేశాడు. ముక్కు మీద బసిలిసా పేరు చెరిగిపోతే మళ్లీ రాయించాడు. సాన్ రోకేని నిలబెట్టడానికి ముందు భాగంలో చెక్క పీట కూడా బిగించాడు. అడిగినవాళ్లతో బుట్ట పెట్టుకోవడానికన్నాడు.

పండుగ ముందురోజు ఉదయం డాక్టరమ్మ వచ్చింది. చర్చి నిండిపోయింది. పంతలియోన్ ముందు బెంచీ మీద కూర్చుని ఉడకబెట్టిన ఊదా పెండలం తింటున్నాడు, ఇది తనకి సంబంధించిన విషయం కానట్టు.

డాక్టరమ్మ కాగితం తీసింది. "మానోయ్ పంతలియోన్ గవ్వ," అని ఆగింది. "నలభై అయిదు బారలు. పది అటో ఇటో."

పంతలియోన్ పెండలం నములుతూనే ఉన్నాడు.

"అదొక్కటే కాదు. పొరలు చూస్తే ఒకదాంట్లో వెచ్చన, ఒకదాంట్లో చల్లన, మళ్లీ వెచ్చన. అంటే దానికి ఎండాకాలం, చలిగాలి కాలం తెలుసు. బాగా లోతున ఉన్నవాటికి కాలాలు తెలియవు. ఇది మాత్రం పైన ఎండ కాస్తుంటే కింద కూర్చుని వేడి తగిలించుకుంది."

పంతలియోన్ చేతిలో పెండలం జారి నేల మీద పడింది. బొహోల్‌లో పెండలం కింద పడితే తీసి ముద్దు పెట్టుకోవాలి. పరువు పోతున్నా పెట్టుకోవాలి. అతను వంగి, తీసి, మట్టి దులిపి, ముద్దు పెట్టుకున్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, చర్చి కప్పు లేచిపోయింది.

తియోపిస్తో నవ్వలేదు. లేచి నిలబడ్డాడు. పన్నెండేళ్లుగా దాచుకున్న మాట ఒకటి అతని నాలుక చివర ఉంది.

"మానోయ్ తియోపిస్తో గవ్వ," అంది డాక్టరమ్మ. "తొంభై. పది అటో ఇటో."

నిలబడినవాడు కూర్చోవాలంటే ఎంతసేపు పడుతుందో ఆ రోజు తియోపిస్తోకి తెలిసింది. ఈసారి నవ్వినవాళ్లలో పంతలియోన్ గొంతే పెద్దది.

"నూట యాభై అన్నాడే," అన్నాడొకడు. "అరవై బారలు దారిలో ఎక్కడ పడేసుకున్నావు మానోయ్?"

"నా వల నిలువుగా దిగుతుంది," అన్నాడు తియోపిస్తో. "నేను ప్రవాహంలో వెయ్యను. పదిహేను గుడ్డలు నా కళ్లతో లెక్కపెట్టాను. నీ యంత్రం తప్పు."

"యంత్రం తప్పయితే మూడో గవ్వకి కూడా తప్పు చెప్పాలి మానోయ్," అంది ఆమె మెల్లగా. "పేరులేనిది. నూట యాభై దాటింది. మొదటి పొర తప్ప మిగతావన్నీ ఒకటే చలి. ఎండాకాలం అన్న మాటే తెలియదు దానికి. మీ ఊరి చీటీలు చెప్పే లోతు నిజంగా చూసిన గవ్వ నా రెండేళ్ల లెక్కలో ఇదొక్కటే, అదీ చీటీ లేనిది. ఇది ఎవరిది?"

"సెవెరోది," అంది ఫెలీసా. "పోయే ముందు నెలలో తెచ్చాడు. నూట యాభై అన్నాడు. ఎవరూ నమ్మలేదు."

డాక్టరమ్మ కాగితం మడిచి అడిగింది, "ఒక్క సంగతి అర్థం కావట్లేదు. మీ తాడు ఎవరు కొలుస్తారు?"

"మా ఆడవాళ్లు," అన్నారు నలుగురైదుగురు మగవాళ్లు గర్వంగా.

చర్చిలో ఉన్న ఆడవాళ్లందరికీ ఒక్కసారిగా నేల మీద ఏదో కనిపించింది. తలలు వంచుకుని దాన్నే చూశారు. పంతలియోన్ భార్య తికా జపమాల పూసలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అవి మాత్రం సరిగ్గా లెక్కపెట్టింది.

తియోపిస్తో ఆ తలలు చూశాడు. బయటికి నడిచాడు.

ఇంటి పెరట్లో తాడు చుట్ట ఉంది. బసిలిసా ఉన్నప్పుడు కట్టిన తాడే. పాతబడ్డ చోట్ల అతుకు వేసుకున్నాడు కానీ ముడులు ఎన్నడూ ముట్టుకోలేదు. ఒక కొస మేకుకి కట్టి, రెండు చేతులూ చాపి కొలవడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లలో ఇదే మొదటిసారి. ఎడమ భుజం పట్టేసింది. ఒకటి. రెండు. కోడి ఒకటి తాడు తొక్కుతూ నడిచింది, దాన్ని తన్నాడు. అయిదు. ఆరు.

ఆరు దగ్గర ఎర్రగుడ్డ వచ్చింది.

మళ్లీ మొదటి నుంచి కొలిచాడు. ఆరు. తర్వాత ముడికి వెళ్లాడు. ఆరు. బసిలిసా అతనికన్నా పొట్టి, నిజమే. పొట్టి మనిషి పది బారలు మరీ ఆరు కావు. పదిహేను ముడులూ కొలిచాడు. ఒక్కటీ తప్పలేదు. ప్రతి ముడీ ఆరుకే ఉంది. అంత శ్రద్ధగా చేసిన మోసం అతను ఎక్కడా చూడలేదు. ఆరు పదిహేన్లు తొంభై. మనీలా నుంచి వచ్చిన యంత్రం కూడా అంతే చెప్పింది.

"సరిపోయిందా లెక్క?" అని వినిపించింది. వెదురు గేటు దగ్గర ఫెలీసా నిలబడి ఉంది.

"నీకు తెలుసు."

"నేనే నేర్పాను. దానికీ, తికాకీ, ఊళ్లో అందరికీ." లోపలికి వచ్చి రోలు మీద కూర్చుంది. "సెవెరో తాడు నేను నిజాయితీగా కట్టాను పిస్తో. పదికి పది. గుడ్డ కూడా గట్టిది కట్టాను. అదీ నా తెలివి. నూట యాభై కావాలంటే రెండో మెట్టు దాటాలి. దాటాడు. అక్కడి ప్రవాహానికి నిజాయితీ అక్కర్లేదు. పడవతో సహా మింగింది. నలభయ్యో రోజు జపం అయ్యాక ఆడవాళ్లందర్నీ కూర్చోబెట్టి, ఇక మీదట ఆరు అన్నాను. తికా అయిదుకి కడుతుంది, దానికి మొగుడంటే భయమో ప్రేమో నాకు తెలియదు. మిగతాది అతని ప్రవాహం తిన్నది."

"నన్ను ఇరవై ఏళ్లు వెధవని చేసింది."

"చేసింది. ఇరవై ఏళ్లు సాయంత్రానికి ఇంటికొచ్చావు."

"నేను అడిగానా? నాకు చెప్పొచ్చుగా. రెండో మెట్టు దాటొద్దని ఒక్క మాట అనొచ్చుగా."

"అంటే వినేవాడివా?"

తియోపిస్తో వినేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, కోడికి కూడా తెలిసే ఉంటుంది. అతనికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. తాడు కట్టిన ప్రతిసారీ బసిలిసా చుట్ట పడవలో పడేసి, చేతులు దులుపుకుని, "నూట యాభై ఉంది, పో" అనేది. కళ్లలోకి చూసి అనేది. ఆ మొహంలో ఎన్నడూ ఏమీ కనిపించలేదు. పంతలియోన్ రెండు వందల్లో ఏటవాలుని కనిపెట్టిన కళ్లకి ఇంట్లో ముడి కనిపించలేదు.

"ఇప్పుడే విప్పేస్తాను," అన్నాడు. "పదికి కట్టుకుని రేపే వెళ్తాను. రెండో మెట్టు దాటి వేస్తాను."

"వెళ్లు," అంది ఫెలీసా లేస్తూ. "అక్కడ సెవెరో కనిపిస్తే ఇంటి కప్పు కారుతోందని చెప్పు. ఇరవై ఒక్కేళ్లయింది, ఒకసారి వచ్చి చూసిపొమ్మను."

గేటు దగ్గర ఆగింది. "రేపు నీ పడవ కావాలి. లోతు చూసిన ఇల్లు నాది. నాకు పడవ లేదు. సాన్ రోకేని పట్టుకుని ముందు నేను కూర్చుంటాను. నువ్వు ఇంజను దగ్గర కూర్చో."

"నా పడవ, నేను కూలివాడినా?"

"పీట బాగుంది," అంది ఫెలీసా. "బుట్ట కోసం చేయించావటగా."

మర్నాడు సాన్ రోకే తియోపిస్తో పడవే ఎక్కాడు. పన్నెండేళ్లుగా అతను కోరుకున్నది, అతను కోరుకున్నట్టు కాకుండా, జరిగింది. ఫెలీసా నల్లబట్టల్లో ముందు కూర్చుని విగ్రహం నడుము పట్టుకుంది. కుక్క బొమ్మ ఆమె ఒళ్లో ఉంది. తియోపిస్తో వెనక ఇంజను పొగలో కూర్చున్నాడు. వెనక వరసలో పంతలియోన్ పడవ వస్తోంది. పంతలియోన్ కొత్త చొక్కా తొడుక్కుని, ఓడిపోయినవాడిలా కాకుండా దారి ఇచ్చినవాడిలా చేతులూపుతున్నాడు.

మొదటి మెట్టు దగ్గర పడవలు ఆగుతాయి. అక్కడ ప్రతివాడూ రాయి కట్టిన తాడు దించి, ఎన్ని బారలు చూశాడో సాన్ రోకేకి వినిపించేలా అరిచి చెప్పాలి. ముందు పడవ మొదట. తియోపిస్తో తాడు దించాడు. రాత్రి ముడులు విప్పలేదు. విప్పడానికి కూర్చున్నాడు, ఒక ముడి మీద గోరు విరిగింది, వదిలేశాడు. బసిలిసా ముడి అంత తేలిగ్గా ఊడదు. ఎర్రగుడ్డలు ఒకటొకటిగా నీళ్లలోకి దిగాయి, వెలిసినవి, ఒకటి మాత్రం ఇంకా ఎర్రగా ఉన్నది. పదిహేను మునిగాయి. రాయి అడుగు తాకింది.

"ఎన్ని?" అంది ఫెలీసా వెనక్కి తిరగకుండా.

అన్ని పడవల మీదా జనం చెవులు రిక్కించారు. డాక్టరమ్మ కూడా ఎవరిదో పడవలో గొడుగు పట్టుకుని చూస్తోంది.

"తొంభై," అని అరిచాడు తియోపిస్తో.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే తమ తాళ్ల సంగతి అడగాలి. వెంటనే పంతలియోన్ తాడు దించాడు. అది ప్రవాహంలో ఏటవాలుగా సాగిపోయింది. అతను గుడ్డలు లెక్కపెట్టి, ఛాతీ విరుచుకుని, "రెండు వందలు" అని అరిచాడు. తర్వాతవాడు నూట పది అన్నాడు. ఆ తర్వాతవాడు నూట ఇరవై. ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్లు ప్రతి లెక్కకీ శిలువ గుర్తు వేసుకున్నారు, మగవాళ్ల లోతు తలుచుకుని భయపడుతున్నట్టు. డాక్టరమ్మ నోరు తెరవబోయి ఒడ్డు వైపు చూసి మూసుకుంది. రెండు రోజుల్లోనే ఆమె కూడా కాస్త ఊరి మనిషయింది.

సాయంత్రం చర్చిలో గంట కొట్టారు. ఫెలీసా ఇంటి పేర్లు చదివింది. సెవెరోకి తొమ్మిది. ఆ తర్వాత, "మా ఇంట్లో పుట్టిన బసిలిసా" అంది. తొమ్మిది గంటలు. తియోపిస్తో వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఎక్కడా ఆరుకి ఆగలేదు. అతని కళ్లు తడవలేదు. అబద్ధాలు చెప్పి పోయిన ఆడదానికి తొమ్మిది గంటలు ఎక్కువే అనుకున్నాడు. పైకి మాత్రం అనలేదు, గంటలు వెనక్కి తీసుకుంటారేమోనని.

వారం తర్వాత కొత్త తాడు కొన్నాడు. పాతది అతుకులతో బరువెక్కింది. చుట్ట భుజాన వేసుకుని ఫెలీసా ఇంటికి వెళ్లాడు. ఆమె గుమ్మంలో కూర్చుని సెవెరో గవ్వ గుడ్డ కింద పెట్టుకుని చిరుగు కుడుతోంది. గవ్వ అంచున డాక్టరమ్మ పెట్టిన చుక్కలు వరుసగా ఉన్నాయి.

"ముడులు వెయ్యాలి," అన్నాడు. "పదికి ఒకటి. చెబుతున్నాను, పదికి."

"వేస్తాను," అంది ఫెలీసా. అతని కళ్లలోకి చూసి అంది.

లోపల కల్లు ఉంది, తాగు అంది. అతను వెళ్లి తాగాడు. బయట ఆమె తాడు చాపుతున్న చప్పుడు వినిపిస్తోంది. కొలుస్తుంటే చూడాలంటే కిటికీ దగ్గరికి జరిగితే చాలు. అతను గోడవైపు తిరిగి, ఇంకో కుండ వంపుకున్నాడు.